తిరుగుబాటు పాట ఎవరి పక్షం? మ్యూజికల్స్‌లో స్వేచ్ఛ గొంతులు

2025 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లో రాష్ట్రాల గవర్నర్లకు విందు ఇచ్చారు. ఆ విందులో అమెరికా సైన్యపు గాయక బృందం, పాటలతో కథ నడిపే నాటకం (మ్యూజికల్) ‘లే మిజరాబ్ల్’లోని ‘డూ యూ హియర్ ద పీపుల్ సింగ్’ పాడింది. రాజు మీద తిరగబడదాం రండి అని పారిస్ విద్యార్థులు జనాన్ని పిలిచే పాట అది. 2013లో తైవాన్‌లో, సైన్యంలో శిక్షకు గురై చనిపోయిన ఒక యువ సైనికుడికి న్యాయం చేయాలని వీధుల్లోకి వచ్చినవాళ్లు ఇదే పాటను తమ భాషలో పాడారు. 2014లో ప్రజాస్వామ్యం కోసం హాంకాంగ్‌లో నడిచిన గొడుగుల ఉద్యమంలో దీనికి కాంటనీస్ మాటలు కట్టుకున్నారు. అక్కడి 2019 నిరసనల్లో అది మళ్లీ వినిపించింది.

ఒకే పాట అధికారంలో ఉన్నవాళ్ల విందులోనూ, అధికారాన్ని ధిక్కరించే వీధిలోనూ ఎలా ఇమిడిపోయింది? ఈ రెండు పక్షాల్లో ఎవరో ఒకరికి పాట అర్థం కాలేదని చాలామంది తేల్చేస్తారు. నాకు ఆ జవాబు సరిపోదు. మ్యూజికల్‌లో తిరుగుబాటు పాటను ఎలా తయారు చేస్తారో, ఎక్కడ పెడతారో చూస్తేనే ఈ చిక్కు విడుతుంది. నాటకంలో ఆ పాట అర్థం మాటల్లో సగమే ఉంటుంది. ఎవరు మొదలుపెట్టారు, ఎవరు గొంతు కలిపారు, పాట అయ్యాక ఏం జరిగింది అన్నదాంట్లో మిగతా సగం ఉంటుంది. పాటను నాటకం నుంచి తెంపి బయటికి తెచ్చినప్పుడు మాటలూ వరసా వస్తాయి, ఆ రెండో సగం అక్కడే ఉండిపోతుంది. ఖాళీ అయిన ఆ చోటును కొత్తగా పాడేవాళ్లు తమకు కావలసినదానితో నింపుకుంటారు.

మన పద్యనాటకాలు చూసినవాళ్లకు ఒక తేడా ముందే చెప్పాలి. మన దగ్గర నటుడు పద్యం అందుకుని రాగం తీస్తుంటే కథ ఆగుతుంది. జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ పాడతాడు, కథ మళ్లీ ఆగుతుంది. అందులో ఒక గొప్ప ఆనందం ఉంది. న్యూయార్క్ బ్రాడ్‌వే, లండన్ వెస్ట్ ఎండ్ థియేటర్ల మ్యూజికల్స్‌లో గత 80 ఏళ్లుగా స్థిరపడిన పద్ధతి వేరు. పాట మొదలైనప్పుడు ఉన్న మనిషి పాట అయ్యేసరికి ఇంకో మనిషి కావాలి. ఏదో ఒక నిర్ణయం జరగాలి, ఒక తలుపు మూసుకుపోవాలి. అందుకే వాళ్ల తిరుగుబాటు పాట ఒక సంఘటన. ఆ సంఘటన ఫలితమేమిటో తర్వాతి సీన్లలోనే తెలుస్తుంది.

‘లే మిజరాబ్ల్’ కథ మనకు కొత్తది కాదు. విక్టర్ హ్యూగో 1862లో అచ్చు వేసిన ఆ నవలే చిత్తూరు నాగయ్య గారు నటించిన ‘బీదలపాట్లు’ సినిమాకి ఆధారం. మ్యూజికల్ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. అలాన్ బూబ్లిల్, క్లోడ్ మిషెల్ షోన్‌బెర్గ్ ముందు దాన్ని ఫ్రెంచ్‌లో పాటల ఆల్బమ్‌గా చేశారు. 1980లో పారిస్‌లో ప్రదర్శించారు. హెర్బర్ట్ క్రెట్స్‌మర్ ఇంగ్లిష్ పాటలతో 1985 అక్టోబరులో లండన్ బార్బికన్‌లో మొదలైంది. పత్రికల సమీక్షలు ఎక్కువగా తిట్టాయి. జనం మాత్రం టికెట్ల కోసం క్యూ కట్టారు.

ఇక్కడ ముందుగా విప్పాల్సిన ముడి ఒకటుంది. ఈ నాటకంలోని తిరుగుబాటు ఫ్రెంచ్ విప్లవం కాదు. 1789 కాదు, బాస్టీల్ కాదు. ఇది 1832 జూన్ 5, 6 తేదీల్లో జరిగిన చిన్న తిరుగుబాటు. ఆ వసంతంలో పారిస్‌ను కలరా ఊపేసింది, ఒక్క ఆ నగరంలోనే సుమారు 18 వేల మంది చనిపోయారు. రెండేళ్ల కిందట 1830 జూలై విప్లవంతో గద్దెనెక్కిన లూయీ ఫిలిప్ మీద రిపబ్లిక్ కోరుకున్నవాళ్లకు ఆశలు పోయాయి. పేదలు అభిమానించిన జనరల్ లమార్క్ కూడా కలరాతోనే జూన్ 1న పోయాడు. ఆయన శవయాత్ర జూన్ 5న తిరుగుబాటుగా మారింది. వీధుల్లో బారికేడ్లు లేచాయి. మర్నాటికల్లా సైన్యం అణచేసింది. ఆ రోజు హ్యూగో కూడా పారిస్ వీధుల్లోనే కాల్పుల మధ్య చిక్కుకున్నాడు. చరిత్ర పుస్తకాల్లో ఈ తిరుగుబాటుకు దక్కేది ఒక పేరా. ప్రపంచానికి అది గుర్తుండటానికి కారణం ఆ నవల, ఆ పైన ఈ పాట.

అంటే ఓడిపోయిన తిరుగుబాటు గురించిన పాట ఇది. నాటకంలో దాని చోటు చూడండి. లమార్క్ పోయాడన్న కబురు విద్యార్థుల కాఫీ హోటల్‌కి అందుతుంది. వాళ్ల నాయకుడు ఆంజొల్రాస్, ఇదే అదను అంటాడు. ఒక గొంతుతో పాట మొదలవుతుంది, రెండో గొంతు కలుస్తుంది, తర్వాత వీధిలో ఉన్నవాళ్లంతా. అడుగు వేస్తూ పాడుకునే మార్చ్ లయ అది. సంగీతం నేర్చుకోనివాళ్లు కూడా రెండోసారి వినేసరికి గొంతు కలిపేయగలరు. పాట పేరే ఒక ప్రశ్న: జనం పాడుతున్నారు, వినిపిస్తోందా?

తర్వాత జరిగేది ఏమిటంటే, జనం రారు. బారికేడ్ మీద ఒక రాత్రి గడుస్తుంది. తెల్లవారేసరికి ఆంజొల్రాస్‌కి తెలిసిపోతుంది, పారిస్ కదల్లేదని, తాము ఒంటరివాళ్లమని. పిల్లలున్న తండ్రులను, ఆడవాళ్లను ఇళ్లకు వెళ్లిపొమ్మంటాడు. మిగిలినవాళ్లు దాదాపు అందరూ చనిపోతారు. ఆ తర్వాత ఆడవాళ్లు ఒక చిన్న పాట పాడతారు. నిన్నటిదాకా పసివాళ్లుగా ఉన్న కుర్రాళ్లు పోయారు, రోజులు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతున్నాయి అన్న అర్థంలో సాగుతుంది ఆ పాట. బతికి బయటపడ్డ మారియస్ ఆ హోటల్లో ఖాళీ కుర్చీల ముందు నిలబడి, మీ త్యాగం దేనికి అని చనిపోయిన స్నేహితులను అడుగుతాడు. నా లెక్కలో నాటకం మొత్తంలో అత్యంత నిజాయితీ గల చోటు అదే. పిలుపు పాట పాడిన నాటకమే, పిలుపు అందుకున్నవాళ్లకు ఏమైందో కూడా చూపించింది. నిరసనల్లో పాడేవాళ్లు మొదటి పాటను తీసుకెళ్తారు, ఖాళీ కుర్చీల పాటను తీసుకెళ్లరు. వాళ్లను తప్పుపట్టలేం, ఊరేగింపులో ఆ పాట పాడితే కాళ్లు ముందుకు పడవు.

చివర్లో మళ్లీ ఆ పిలుపు వరసే వస్తుంది. ఈసారి చనిపోయినవాళ్లంతా కలిసి పాడతారు. మాటలు మారతాయి. దేవుడి తోటలో స్వేచ్ఛగా బతుకుతారని, కత్తి పక్కనపెట్టి నాగలి పడతారని, గొలుసులు తెగుతాయని. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొడతారు, చాలామంది ఏడుస్తారు. నాకూ గొంతు పట్టేస్తుంది. కానీ జరిగిందేమిటో గమనించాలి. మొదటిసారి పాటలో స్వేచ్ఛ రేపటి ఉదయం వీధిలో దొరకాల్సింది. చివరికొచ్చేసరికి అది పరలోకానికి జరిగిపోయింది. ఇక్కడి రాజు ఇక్కడే ఉన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంకో సంగతి. పిలుపు పాటలో శత్రువు పేరు లేదు. లూయీ ఫిలిప్ పేరు లేదు, పన్ను లేదు, రొట్టె ధర లేదు, రిపబ్లిక్ అన్న డిమాండ్ లేదు. ఫ్రాన్స్ పేరు ఒక్కచోట తగులుతుంది, అంతే. కోపంగా ఉన్న జనం, మళ్లీ బానిసలం కాబోమన్న మాట, జెండా, అమరుల నెత్తురు. ఈ నాలుగూ ఎవరికైనా సరిపోతాయి. హాంకాంగ్ విద్యార్థి శత్రువు చోట ఒకరిని పెట్టుకుంటాడు. వైట్‌హౌస్ విందులో కూర్చున్నవాళ్లు తామే ఆ కోపంగా ఉన్న జనమని, రాజధానిలోని పాత పెత్తందార్లు తమ శత్రువులని అనుకోగలరు. పాట ఇద్దరికీ అడ్డు చెప్పదు. అడ్డు చెప్పాల్సిన సీన్లు లండన్ థియేటర్లోనే ఉండిపోయాయి.

ఇదే నాటకంలో, ఇదే తిరుగుబాటు ముందురోజు రాత్రి గురించి ఇంకో పాట ఉంది, ‘వన్ డే మోర్’. మొదటి అంకం దానితో ముగుస్తుంది. అందులో అందరూ పాడతారు, కానీ ఒకే వరస పాడరు. ప్రేమికులు విడిపోతామని ఏడుస్తుంటారు. ఒకమ్మాయి తనను పట్టించుకోని అబ్బాయి కోసం ఏడుస్తుంటుంది. పోలీసు అధికారి జావేర్ తిరుగుబాటుదార్లలో వేగులా కలిసిపోవడానికి సిద్ధమవుతుంటాడు. హోటల్ నడిపే దొంగ దంపతులు రేపటి గొడవలో ఎంత దోచుకోవచ్చో లెక్క వేస్తుంటారు. విద్యార్థులు జెండా ఎత్తుతుంటారు. ఈ గొంతులన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని చివరికి ఒక్క మాట దగ్గర కలుస్తాయి. నన్నడిగితే తిరుగుబాటు ముందురోజు ఒక నగరం నిజంగా ఇలాగే ఉంటుంది. ఒకే రేపటి కోసం ఎదురుచూస్తూ ఎవరికి కావలసింది వాళ్లు కోరుకుంటారు. ఇది గొప్ప పాటైనా ఏ ఊరేగింపూ దీన్ని వాడుకోలేదు. విడివిడి వరసలు పట్టుకునే తర్ఫీదు ఉన్న గొంతులు కావాలి దీనికి. జనం నోటికి అందేది ఒకే వరస ఉన్న పాట. అది అందినప్పుడు మనుషుల మధ్య ఉన్న తేడాలు కాసేపు కనబడకుండా పోతాయి. కోరస్ బలం అదే, అందులోని ప్రమాదమూ అదే.

ఆ ప్రమాదాన్ని అందరికంటే బాగా చూపించింది ‘కాబరే’. జాన్ కాండర్ సంగీతం, ఫ్రెడ్ ఎబ్ పాటలు. 1966లో బ్రాడ్‌వేకి వచ్చింది. కథ నాజీలు బలపడుతున్న రోజుల బెర్లిన్‌లో జరుగుతుంది. అందులో ‘టుమారో బిలాంగ్స్ టు మీ’ అనే పాట ఉంది. మొదట కాబరేలోని వెయిటర్లు దాన్ని మెల్లగా, జానపద గీతంలా పాడతారు. ఎండ కాసే పచ్చిక, అడవిలో లేడి, ఊయలలో పాపాయి. ఎవరికీ అనుమానం రాదు, అందంగా ఉంటుంది. మొదటి అంకం చివర ఇద్దరు పెద్దవయసు వాళ్ల నిశ్చితార్థం విందు జరుగుతుంది. వాళ్లు గది అద్దెలిచ్చే ఫ్రాయ్‌లైన్ ష్నైడర్, పళ్ల వ్యాపారి హెర్ షుల్ట్స్. షుల్ట్స్ యూదుడు. ఆ విందులో నాజీ పార్టీ మనిషికి ఆ సంగతి తెలుస్తుంది. అక్కడ మళ్లీ ఆ పాట మొదలవుతుంది. అతిథులు ఒక్కొక్కరే గొంతు కలుపుతారు. వధూవరులు ఓ పక్క ఉండిపోతారు. బాబ్ ఫాసీ 1972లో తీసిన సినిమాలో ఇది ఆరుబయట బీరు తోటలో జరుగుతుంది. ఒక ముద్దులొలికే కుర్రాడు పాడుతుంటాడు. కెమెరా మెల్లగా కిందికి దిగితే చేతి మీద స్వస్తిక పట్టీ కనబడుతుంది. ఒక ముసలాయన తప్ప చుట్టూ ఉన్నవాళ్లు దాదాపు అందరూ లేచి పాడతారు.

దీన్ని ‘లే మిజరాబ్ల్’ పిలుపు పాట పక్కన పెట్టి వినండి. పద్ధతి ఒక్కటే. రెండూ ఒంటరి గొంతుతో మొదలవుతాయి. గొంతులు పెరుగుతాయి, లయ బిగుస్తుంది. రెండింటిలోనూ వాగ్దానం ‘రేపు’. రెండింటిలోనూ తమను ఎవరో అణచి ఉంచారన్న భావన. రోమాలు నిక్కబొడుచుకోవడం కూడా రెండుచోట్లా జరుగుతుంది, ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా. కాండర్, ఎబ్ ఇద్దరూ యూదులే. నాజీ పాట ఎంత అందంగా ఉండగలదో ప్రేక్షకుడి ఒంటికి తెలియాలని రాశారు. ఎంత బాగా కుదిరిందంటే, అది నిజమైన పాత నాజీ పాటేనని కొందరు వాళ్ల మీద విరుచుకుపడ్డారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో తెల్లజాతి ఆధిపత్యం కోరే స్క్రూడ్రైవర్ అనే బ్యాండ్ దాన్ని తమ సొంత పాటగా పాడుకుంది కూడా. హెచ్చరికగా రాసిన పాట ఆ హెచ్చరిక ఎవరి గురించో వాళ్ల చేతికే వెళ్లింది. ఎందుకంటే హెచ్చరిక ఉన్నది పాటలో కాదు, నిశ్చితార్థం విందులో ఒంటరైపోయిన ఆ ఇద్దరి దగ్గర ఉంది.

ఇక ఒంటరి గొంతుల సంగతి. మ్యూజికల్స్‌లో స్వేచ్ఛ పాటలు అనగానే ఈ తరానికి మొదట గుర్తొచ్చేది ‘వికెడ్’లోని ‘డిఫైయింగ్ గ్రావిటీ’. సంగీతం, పాటలు స్టీఫెన్ ష్వార్ట్జ్‌వి. 2003లో బ్రాడ్‌వేలో మొదలైంది. 2024లో సినిమాగా వచ్చాక మన కుర్రకారు కూడా దీన్ని రీల్స్‌లో పెట్టుకుంటున్నారు. ఆకుపచ్చ చర్మంతో పుట్టిన ఎల్ఫబా, ఓజ్ దేశాన్నేలే మాంత్రికుడి మోసాన్ని కనిపెట్టి, అతని కొలువు వద్దని చీపురు మీద గాల్లోకి లేస్తుంది. మొదటి అంకం అక్కడ ఆగుతుంది.

ఈ పాటలో ఒక చక్కటి కిటుకు దాగి ఉంది. ‘అన్‌లిమిటెడ్’ అంటూ ఎల్ఫబా పాడే వరసలో మొదటి 7 స్వరాలు, 1939 నాటి ‘ద విజర్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాలో డోరతీ పాడిన ‘ఓవర్ ద రెయిన్‌బో’ మొదటి 7 స్వరాలే. ష్వార్ట్జ్ లయ, కింది స్వరసంగతులు మార్చేశాడు కాబట్టి చెవికి వెంటనే తెలియదు. డోరతీ పాటలో ఇంద్రధనుస్సు అవతల ఇంకో చోటు ఉందన్న కల ఉంది. ఎల్ఫబా ఇప్పుడు ఆ అవతలి చోటులోనే ఉంది, అక్కడా ఊపిరాడడం లేదు. ఆ స్వరాలను ఆమె గొంతులో పెట్టడం నిజంగా మెచ్చుకోదగ్గ పని.

కానీ ఇది తిరుగుబాటు పాటేనా? కథలో తిరుగుబాటుకు గట్టి కారణమే ఉంది. ఓజ్‌లో మాట్లాడే జంతువులను ఉద్యోగాల నుంచి తీసేస్తున్నారు, బోనుల్లో పెడుతున్నారు, వాటి మాట పోతోంది. మేక రూపంలో ఉన్న ప్రొఫెసర్ డిల్లమండ్ పాఠం చెబుతుండగానే అరెస్టవుతాడు. జనాన్ని ఒక్కటి చేయాలంటే వాళ్లకొక మంచి శత్రువును చూపించాలన్నది మాంత్రికుడి సూత్రం. ఇంత రాజకీయం ఉన్న కథలో, శిఖరంలాంటి పాట దగ్గరికొచ్చేసరికి జంతువుల ఊసు దాదాపు ఉండదు. పాటంతా తన గురించే: నాలో ఏదో మారింది, ఇకపై నా హద్దులు ఇంకొకరు గీయరు. చివరికి ఎల్ఫబా చనిపోయినట్టు నటించి దేశం దాటిపోతుంది. మాంత్రికుడు బెలూన్ ఎక్కి వెళ్లిపోతాడు. ఆమె దుష్టురాలు కాదన్న నిజం జనానికి ఎవరూ చెప్పరు. ఇది తప్పించుకుని బయటపడే స్వేచ్ఛ. దాన్ని తక్కువ చేయడం లేదు. ఊపిరాడని ఇంట్లోంచో ఉద్యోగంలోంచో బయటికొచ్చిన ఎంతోమందికి ఈ పాట నిజంగా ధైర్యం ఇచ్చింది. అయితే ఒక మనిషి బయటపడటం, బోను పగలడం వేర్వేరు సంగతులు. మ్యూజికల్స్ తరచుగా మొదటిది చూపించి రెండోది జరిగినట్టు మనకు అనిపింపజేస్తాయి.

ఒంటరి గొంతుతోనే రెండోదాని భయంకరమైన రూపం చూపించిన పాట ఉంది, ‘పైరేట్ జెన్నీ’. బెర్టోల్ట్ బ్రెహ్ట్ రాయగా కుర్ట్ వైల్ సంగీతం కట్టిన ‘త్రీపెనీ ఒపేరా’లోది. 1928 ఆగస్టు 31న బెర్లిన్‌లో మొదటిసారి ఆడారు. నాసిరకం హోటల్లో అంట్లు తోమి, పక్కలు పరిచే పనిమనిషి పాడే పాట. మీరు నాకు చిల్లర విసురుతున్నారు, నేనెవరో మీకు తెలియదు అంటుంది. ఒకరోజు 8 తెరచాపలు, 50 ఫిరంగులు ఉన్న ఓడ రేవులోకి వస్తుంది, ఊరిని నేలమట్టం చేస్తుంది. ఎవరిని చంపమంటావని ఓడవాళ్లు ఆమెను అడుగుతారు. అందరినీ, అంటుంది. ఇందులో కోరస్ లేదు, జెండా లేదు, రేపటి గురించిన తీయటి మాట లేదు. ఎప్పుడూ ఎవరూ మనిషిగా చూడని ఒకామె మనసులో ఏముందో మాత్రం ఉంది.

అసలు నాటకంలో దీన్ని పాడేది పనిమనిషి కాదు. పాలీ అనే డబ్బున్న ఇంటి పిల్ల, తన పెళ్లి రోజున, ఎక్కడో చూసిన పనిమనిషిని అనుకరిస్తూ అతిథుల వినోదం కోసం పాడుతుంది. విన్న అతిథులు, అంటే పెళ్లికొడుకు ముఠాలోని దొంగలు, బాగుంది బాగుంది అంటారు. బ్రెహ్ట్ పెట్టిన చురక అది, పేదవాడి కసి కూడా విందులో కాలక్షేపమైపోతుందని. 1954లో న్యూయార్క్‌లో మార్క్ బ్లిట్స్‌స్టైన్ ఇంగ్లిష్ చేసినప్పుడు ఈ పాట జెన్నీ అనే వేశ్య పాత్రకు, అంటే లోట్టె లెన్యాకు, వెళ్లింది. పాడే మనిషి మారగానే వినోదం పోయి బెదిరింపు మిగిలింది. 1964లో అమెరికా నల్లజాతి గాయని నీనా సిమోన్ న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో దీన్ని పాడి ఇంకో మెట్టు ఎక్కించింది. ఊరు లండన్ కాదు, అమెరికా దక్షిణాది ఊరు అంది. అంతే, పనిమనిషి నల్లజాతి స్త్రీ అయిపోయింది, ఓడ కోసం ఆమె ఎన్ని తరాలుగా ఎదురుచూస్తోందో వినేవాళ్లకు అర్థమైంది.

అదే కార్నెగీ హాల్ కచేరీల ఆల్బమ్‌లో ఆమె సొంత పాట ‘మిసిసిపీ గాడ్‌డామ్’ కూడా ఉంది. 1963లో నల్లజాతి హక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ హత్య, బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోవడం, ఆ రెండింటి కోపంలోంచి పుట్టిన పాట. వరస మాత్రం హుషారైన బ్రాడ్‌వే పాటలా గంతులేస్తుంది. మధ్యలో ఆమె ప్రేక్షకులతో, ఇది నాటకంలోని పాటే, ఆ నాటకాన్నే ఇంకా ఎవరూ రాయలేదు అంటుంది. మ్యూజికల్స్ గురించి నేను విన్న విమర్శల్లో ఇంత సూటిది ఇంకొకటి లేదు. వీధి పాటను వేదిక మీదికి, వేదిక పాటను వీధిలోకి తెచ్చుకోవడం అందరూ చేసేదే. వేదిక రాయడానికి భయపడిన కథకు ముందే పాట కట్టి ఉంచడం ఆమె చేసింది.

బ్లిట్స్‌స్టైన్ పేరు వచ్చింది కాబట్టి అతని సొంత నాటకం గురించి చెప్పకుండా ఉండలేను. ఇప్పటిదాకా చెప్పినవి తిరుగుబాటు గురించిన పాటలు. పాడటమే తిరుగుబాటైన రాత్రి ఇది.

1930లలో మాంద్యం దెబ్బకు పని లేని రంగస్థల కళాకారులకు జీతాలివ్వడానికి అమెరికా ప్రభుత్వం ఫెడరల్ థియేటర్ ప్రాజెక్ట్ పెట్టింది. దాని కింద ‘ద క్రాడిల్ విల్ రాక్’ తయారైంది. దర్శకుడు ఆర్సన్ వెల్స్, నిర్మాత జాన్ హౌస్‌మన్. కథ స్టీల్‌టౌన్ అనే ఊరిలో నడుస్తుంది. ఉక్కు కంపెనీ యజమాని మిస్టర్ మిస్టర్ ఊళ్లోని పత్రికను, చర్చిని, డాక్టరును, కళాకారులను కొనేశాడు. కార్మిక సంఘం రాకుండా చూడటానికి అతను ఈ పెద్దమనుషులతో వేయించిన సంఘం పేరు ‘లిబర్టీ కమిటీ’. స్వేచ్ఛ అనే జెండా యజమాని చేతిలో ఎంత హాయిగా ఒదుగుతుందో బ్లిట్స్‌స్టైన్ 1937లోనే చూపించాడు.

ఆ ఏడాది ఉక్కు ఫ్యాక్టరీల సమ్మెలు నిజంగానే రగులుతున్నాయి. మే 30న చికాగోలో పోలీసు కాల్పుల్లో 10 మంది సమ్మెదార్లు చనిపోయారు. నాటకం తెరలేవడానికి కొద్ది రోజుల ముందు, బడ్జెట్ కోతల వల్ల జూలై 1 దాకా కొత్త ప్రదర్శనలేవీ మొదలుపెట్టొద్దని వాషింగ్టన్ నుంచి ఆర్డరు వచ్చింది. జూన్ 16న మాక్సీన్ ఎలియట్ థియేటర్ దగ్గర గార్డులు కాపలా ఉన్నారు. లోపల సెట్లు, దుస్తులు ఉండిపోయాయి. బయట టికెట్లు కొన్న జనం ఉన్నారు. వెల్స్ బృందం ఆ సాయంత్రమే ఇంకో థియేటర్ వెతికి, ఒక పియానోను లారీలో ఎక్కించింది. నటులూ ప్రేక్షకులూ కలిసి 21 వీధుల అవతల ఉన్న వెనిస్ థియేటర్‌కి బయల్దేరారు.

ఇంకో అడ్డంకి. అనుమతి లేకుండా వేదిక మీదికి ఎక్కడానికి వీల్లేదని నటుల యూనియన్ చెప్పింది. వాద్యకారుల యూనియనూ ఒప్పుకోలేదు. కార్మిక సంఘాల పక్షాన రాసిన నాటకానికి కార్మిక సంఘాలే అడ్డు నిలబడ్డాయి. అది వాళ్ల నియమం, తమ సభ్యుల జీతాలను కాపాడే నియమమే. అయితే వేదిక ఎక్కొద్దన్నారు కానీ, సీట్లో కూర్చుని పాడొద్దని ఎవరూ అనలేదు. ఖాళీ వేదిక మీద బ్లిట్స్‌స్టైన్ ఒక్కడే పియానో ముందు కూర్చున్నాడు. పాటలన్నీ తనే పాడాలనుకుని మొదలుపెట్టాడు. కొన్ని పంక్తులు కాగానే ప్రేక్షకుల్లోంచి సన్నటి గొంతు వినిపించింది. మోల్ పాత్రధారి ఒలివ్ స్టాంటన్ కూర్చున్నచోటే లేచి నిలబడి పాడుతోంది. ప్రభుత్వమిచ్చే ఆ జీతం మీదే బతుకుతున్న అమ్మాయి, రేపు ఆ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకుండా లేచింది. లైటు ఆమె వైపు తిరిగింది. ఆ తర్వాత హాల్లో అక్కడొకరు, ఇక్కడొకరు లేచి తమ పాత్రలు పాడారు. ప్రేక్షకులు తలలు తిప్పుతూ, పక్క సీట్లోవాళ్లే పాత్రలని తెలుసుకుంటూ చూశారు.

నేను మొదట్లో అన్న రెండో సగాన్ని ఆ రాత్రి పాట నుంచి వేరు చేయడం కుదరలేదు. ఎవరు పాడుతున్నారు, పాడితే వాళ్లకు ఏమవుతుంది అన్నది పాట మాటల కంటే గట్టిగా వినిపించింది. విచిత్రమేమిటంటే, ఆ నాటకంలోని పాటల్లో ఏదీ జనం నోట నిలబడలేదు. తర్వాత దాన్ని ఆడినవాళ్లు చాలాసార్లు సెట్లు లేకుండా, పియానో ఒక్కదానితో ఆడారు. ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టుకు 1939లో అమెరికా కాంగ్రెస్ డబ్బు ఆపేసి మూసేసింది.

తిరుగుబాటు బయట నడుస్తుండగానే లోపల దాని పాట పాడిన నాటకాలు మనకూ ఉన్నాయి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి 1947లో ఆడటం మొదలుపెట్టింది. తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖ్‌ల మీద రైతులు పోరాడుతున్న రోజులవి. ఆ పోరాటాన్ని కృష్ణా, గుంటూరు జిల్లాల జనం నాటకంలో, బుర్రకథలో, పాటలో చూశారు. మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. ఓడిపోయిన పాత తిరుగుబాటు గురించి ఎంత బాగా పాడినా ప్రభుత్వాలు పెద్దగా పట్టించుకోవు, విందుల్లో కూడా పాడించుకుంటాయి. నడుస్తున్న తిరుగుబాటు గురించి పాడితేనే పోలీసులు థియేటర్‌కి వస్తారు. పాటలో ఎంత పదునుందో కొలవడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు నాకు తెలియదు.

దక్షిణాఫ్రికా ‘సరఫీనా’ అలాంటిదే. ఎంబొంగేని ఎన్గేమా రాసి, దర్శకత్వం వహించాడు. సంగీతంలో హ్యూ మసేకెలా పాలుపంచుకున్నాడు. 1987లో జొహానెస్‌బర్గ్ మార్కెట్ థియేటర్‌లో మొదలై మరుసటి ఏడాది బ్రాడ్‌వేకి వెళ్లింది. పాఠాలు తెల్ల పాలకుల భాష ఆఫ్రికాన్స్‌లో చెప్పాలన్న ఆదేశానికి ఎదురుతిరిగి 1976 జూన్ 16న సొవేటోలో ఊరేగింపు తీసిన స్కూలు పిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ చరిత్ర నీడలో, మోరిస్ ఐజాక్‌సన్ హైస్కూలు పిల్లల కథ ఇది. నటించినవాళ్లలో చాలామంది నల్లజాతి టౌన్‌షిప్పుల పిల్లలే. 1987 నాటికి దేశంలో ఎమర్జెన్సీ ఉంది, మండేలా జైల్లో ఉన్నాడు.

‘ఫ్రీడమ్ ఈజ్ కమింగ్ టుమారో’ అన్న పాట ఈ నాటకంలోదే. మళ్లీ అదే ‘రేపు’. కానీ ఈ రేపటిని నాటకం పరలోకానికి జరపలేదు. కథలో పిల్లలు స్కూలు వార్షికోత్సవానికి ఒక నాటకం తయారుచేస్తారు. మండేలా విడుదలైతే ఎలా ఉంటుందన్నది అందులోని కథ. కథానాయిక సరఫీనా మండేలా వేషం కట్టి, విడుదలైన నాయకుడిగా జనంతో మాట్లాడుతుంది. ఎవరికోసం అడుగుతున్నారో, ఏం అడుగుతున్నారో దాపరికం లేదు. శత్రువు చోటు ఖాళీగా వదల్లేదు, పేరుంది, చిరునామా ఉంది. అందుకే ఏ ప్రభుత్వ విందులోనూ అప్పట్లో దాన్ని పాడించుకునే అవకాశం లేకపోయింది. 1990 ఫిబ్రవరి 11న మండేలా నిజంగానే జైలు నుంచి నడిచి బయటికొచ్చాడు. ఈ రోజు ‘ఫ్రీడమ్ ఈజ్ కమింగ్’ను స్కూలు బృందాలు, చర్చి బృందాలు పాడుతుంటాయి. మంచి లయ, చప్పట్లు, పిల్లలకు సులువుగా వస్తుంది. నేర్పే టీచర్లు పాటకు ముందు 1976 జూన్ 16 గురించి ఓ పది నిమిషాలు చెప్పి, ఆ తర్వాత శ్రుతి అందిస్తే బాగుంటుందని నా కోరిక.